కాలు కొలవని ఆయం

పల్నాడు విడి జిల్లా అయిన ఏడాది వానాకాలంలో నేను నరసరావుపేట మకాంగా తపాలా ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం చేస్తున్నాను. పదవీ విరమణ దగ్గరపడింది. ఇన్‌స్పెక్టర్ అనగానే జనం లాఠీని ఊహించుకుంటారు. మాకు లాఠీ లేదు. డివిజన్‌కు సూపరింటెండెంట్ ఉంటాడు. దానిలో ఒక ముక్క సబ్ డివిజన్, అది ఇన్‌స్పెక్టర్‌ది. పల్లెల్లోని బ్రాంచి ఆఫీసులను తనిఖీ చేయడం, అక్కడ ఉత్తరాలు పంచే డాక్ సేవకులను నియమించడం, పనికిరారని తేలితే తప్పించడం అతని విధులు. అతని కింద మెయిల్ ఓవర్సీర్ ఉంటాడు. ఊరూరూ తిరిగి ముందుగా చూసి వచ్చేది అతనే.

ఆ వానల్లో నాకొక అర్జీ వచ్చింది. రొంపిచెర్ల దాటాక వచ్చే ఒక ఊరి నుంచి. పేరు రాయను. రాస్తే పక్క ఊళ్ళవాళ్ళు తాము మెరుగనుకుంటారు.

ఆ ఊళ్ళో డాక్ సేవక్‌గా పనిచేసిన మనిషి చనిపోతే, అతని భార్య కోటేశ్వరిని ఆ స్థానంలో కారుణ్య నియామకం కింద తీసుకున్నాం. ముప్పై దాటని మనిషి, స్కూలుకు పోయే కూతురుంది. ఆమె రోజూ సైకిలు మీంచి పడుతోందని, ఉత్తరాల సంచి కాలవలో తడిసిందని, ఆమె తొక్కే సైకిలుకు దోషముందని, మొగుణ్ణి పొట్టనబెట్టుకున్న ఆ సైకిలు పొద్దున్నే ఎదురొస్తే పనులు చెడుతున్నాయని, కనుక ఆమెను తప్పించి మగమనిషిని వేయాలని అర్జీ సారాంశం. కింద ఊరి పెద్దల సంతకాలు. అందులో ఇద్దరు డిగ్రీలు చదివినవాళ్ళు. డిగ్రీ సంతకాన్ని అందంగా చేస్తుంది, అంతవరకే.

సైకిలు ఒక మనిషిని ఎలా పొట్టనబెట్టుకుందో చెప్పాలి. కోటేశ్వరి భర్తకు కామెర్లు వచ్చాయి. ఊరంతా కలిసి పసరు పోయించింది. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. పసరు పోసినవాడు ఇప్పటికీ పోస్తూనే ఉన్నాడు. అతనిమీద ఎవరూ అర్జీ పెట్టలేదు. చనిపోయిన ఏడాదే కోటేశ్వరి భర్త ఆ సైకిలును సెకండ్ హ్యాండులో కొన్నాడు గనుక నేరం సైకిలు మీద పడింది. "ఆ సైకిలు వాళ్ళకి అచ్చిరాలేదు" అన్నారు.

అచ్చిరావడం అనేది మన భాషలో అందరికన్నా సోమరి మాట. బావి అచ్చిరాలేదంటే నీళ్ళెందుకు పడలేదో చూడనక్కర్లేదు. మిరప అచ్చిరాలేదంటే విత్తనం నకిలీదేమోనని అడగనక్కర్లేదు. కోడలు అచ్చిరాలేదంటే ఇక ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ముందుగా మా ఓవర్సీర్ సాంబయ్యను పంపాను. వెళ్ళివచ్చి, "పడేది నిజమే సార్. ఆ పిల్లకి సైకిలు రాదు. తీసేస్తే గొడవుండదు" అన్నాడు. గొడవ ఉండకపోవడం మా శాఖలో చాలామందికి అత్యున్నత ఆదర్శం. డాక్ సేవక్‌కు సైకిలు తొక్కడం వచ్చి ఉండాలనేది నియామక షరతు. రాదని నేను రాస్తే ఆమె ఉద్యోగం పోతుంది, ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. కానీ నియామకమప్పుడు ఆమె నా ఎదుటే తొక్కింది, పక్కింటి పిల్ల స్కూలు సైకిలు తెచ్చి. తడబడలేదు. అప్పుడు తొక్కగలిగిన మనిషి ఇప్పుడు పడుతోందంటే మధ్యలో మారిందేమిటి? మనిషి అదే, రోడ్డు అదే. మారింది సైకిలు. ఈ లెక్క వేయడానికి తపాలా శాఖలో చేరనక్కర్లేదు. కానీ అంతమంది పెద్దల్లో ఒక్కరూ వేయలేదు.

వాన తెరిపిచ్చిన ఒక ఉదయం ఆ ఊరు వెళ్ళాను. విచారణ అంటే అర్జీదారులు, ఉద్యోగి ఇద్దరూ హాజరు కావాలి. బ్రాంచి ఆఫీసు ముందు ఊరు సగం హాజరైంది. కోటేశ్వరి ఉత్తరాల సంచితో వచ్చింది. పంజాబీ డ్రెస్ మీద చొక్కా తొడుక్కుంది. ఆమె దిగిన పద్ధతే నాకు మొదటి సాక్ష్యం. ఆఫీసు ముందు ఖాళీ స్థలం వదిలేసి, పక్కింటి అరుగు వారగా సైకిలును పోనిచ్చి, అరుగు మీద కాలు పెట్టి ఆగింది. దిగి, సైకిలును పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది.

అరుగు లేనిచోట ఎలా ఆగుతావని అడిగాను.

"ఆగను సారూ, పడతా" అంది. జనం నవ్వారు. ఆమె వాళ్ళవైపు తిరిగి, "మీకు నవ్వులాటగానే ఉంటది. గొర్రెల మంద అడ్డమొచ్చిన కాడ అరుగెవరు కట్టించారు?" అంది.

అరుగు ఉన్న ఇళ్ళకే ఆమె సైకిలు మీద వెళ్ళగలుగుతోంది. ఊరి చివర కాలనీలో కొత్త ఇళ్ళకు అరుగుల్లేవు గనుక అక్కడికి నడిపించుకుంటూ పోతుంది. అందుకే వాళ్ళ ఉత్తరాలు ఆలస్యం. ఉత్తరం ఎవరికి ఎప్పుడు అందాలో నిర్ణయిస్తున్నది శాఖ కాదు, అరుగు.

సైకిలు చూశాను. ఉక్కు గొట్టాల పాత బండి, ఇరవై నాలుగు ఇంచుల ఫ్రేము. పెడల్ ఇరుసు నుంచి సీటు గొట్టం పై అంచు దాకా ఉండే పొడవును ఫ్రేము సైజు అంటారు. కొనేవాళ్ళలో చాలామంది దాన్ని అడగరు. బెల్లు మోగుతుందా, రంగు బాగుందా అని చూస్తారు. ఆమె భర్త పొడగరి, అతనికి అది సరిగ్గా సరిపోయింది. ఈమె ఎత్తు సామాన్యం. సీటును గొట్టంలోకి పూర్తిగా దించినా పెడల్ కిందికి పోయినప్పుడు ఆమె కాలివేళ్ళు మాత్రమే అందుతాయి. అందుకని తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది. ఊగే మనిషి సంచితో సహా కాలవలోకి పోవడం దోషం కాదు, బరువు చేసే పని.

ఇంతలో సిద్ధాంతి ముందుకు వచ్చాడు. ఆ ఊళ్ళో ముహూర్తాలు, ఇళ్ళ కొలతలు ఆయనవే. ఆరడుగుల మనిషి. "నేను నోటిమాటగా చెప్పలేదండీ, కొలిచే చెప్పాను" అని మొదలుపెట్టాడు. నాకు ఆసక్తి కలిగింది. కొలిచానన్న సిద్ధాంతిని వినకపోవడం హేతువాదికి మర్యాద కాదు.

ఇంటికి ఆయం కడతారని పాఠకులకు తెలుసు. యజమాని జానతోనో మూరతోనో కొలిచి, లెక్కకట్టి, ఎనిమిదితో భాగిస్తే మిగిలే శేషాన్ని బట్టి ధ్వజాయమనీ, గజాయమనీ, కాకాయమనీ పేర్లు. కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి. ధ్వజం శుభం, కాకి అశుభం. ఈయన సైకిలుకు ఆయం కట్టాడు. జేబులోంచి పసుపు దారం తీసి చూపించాడు. నేల నుంచి రాడ్డు దాకా ఎత్తు, రాడ్డు పొడవు, సీటు నుంచి హ్యాండిల్‌కు దూరం, అన్నీ ఈ దారంతో కొలిచి కోటేశ్వరి జానలోకి మార్చి భాగించాడట. కాకాయం వచ్చిందట.

చెప్పక తప్పదు, కొలవవలసిన చోట్లన్నీ ఆయన కొలిచాడు. సైకిలు మనిషికి సరిపోతుందో లేదో తేల్చేది ఆ కొలతలే. దారం రాడ్డు మీద ఆన్చి, ఆ మనిషిని పక్కనే నిలబెట్టుకుని, తిరిగి చూడకుండా ఎనిమిదితో భాగించడానికి కూర్చున్నాడు.

"అన్నీ కొలిచారు. అమ్మాయి కాలు కొలిచారా?" అని అడిగాను.

"కాలెందుకండీ?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

వెనక నుంచి ఒక ముసలామె అందుకుంది. "ఏందయ్యా ఇన్‌స్పెక్టరు బాబూ, ఆడకూతురు కాలు సిద్ధాంతిగారు కొలుస్తాడా? బాగానే ఉంది సంబడం!"

"మరి సైకిలు జానతో తొక్కుతారా పెద్దమ్మా?" అని కోటేశ్వరే బదులిచ్చింది.

నాకు అప్పుడు విషయం బోధపడింది. ఆడమనిషి కాలు అనే మాట ఎత్తకూడదు గనుక, అది తప్ప మిగతావన్నీ కొలిచారు. కాలు మాట ఎత్తలేక కాకిని పిలిచారు.

పరిహారం ఏం చెప్పారని సిద్ధాంతిని అడిగాను. శని దోషమనీ, ఇనుము దానం ఇవ్వాలనీ అన్నాడు. ఎంత ఇనుమని అడిగాను. ఆయన కొంచెం తడుముకున్నాడు. కోటేశ్వరి తడుముకోలేదు. "సైకిలంతా ఇనుమే కదమ్మా, వేరే కొననక్కర్లా, అదే ఇచ్చేసెయ్ అన్నాడు సారూ. చానా దయగల మనిషి. అది ఈయనకిచ్చి నేను సంచి నెత్తిన పెట్టుకుని తిరగాలంట."

ఈసారి జనం సిద్ధాంతిని చూసి నవ్వారు. ఆయన, దానం పట్టినవాడికి కూడా దోషమేనని, తాను త్యాగం చేస్తున్నానని అన్నాడు.

నేను ఆ పసుపు దారమే అడిగి తీసుకున్నాను. కోటేశ్వరికి, ముసలామెకు ఇచ్చి లోపలికి పంపాను. గోడకు ఆనుకుని నిలబడి, నేల నుంచి కాలి లోపలి పొడవు పై దాకా పట్టుకుని ముడి వేసుకు రమ్మన్నాను. వచ్చారు. దారం ఒక కొస నేలకు ఆన్చి సైకిలు పక్కన నిలువుగా పట్టుకోమన్నాను. ముడి రాడ్డుకు బెత్తెడు కింద ఆగిపోయింది. కాళ్ళు రెండూ నేల మీద ఆనించి నిలబడితే రాడ్డుకూ మనిషికీ మధ్య వేళ్ళు దూరేంత ఖాళీ ఉండాలి. ఇక్కడ ఖాళీ మాట అటుంచి, బెత్తెడు ఇనుము అడ్డంగా ఉంది. ముసలామె ముడినీ రాడ్డునీ మార్చి మార్చి చూసి, "ఏమే కోటేశ్వరీ, ఇన్నాళ్ళూ దీని మీద ఎట్టా బతికావే!" అంది.

సిద్ధాంతి వెంటనే, "నేను చెప్పిందీ అదే కదండీ, సరిపోదని!" అన్నాడు. అటువంటివాళ్ళ తెలివి ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది గాని, వచ్చాక ముందు వరసలో కూర్చుంటుంది.

సైకిలు తొక్కడం వచ్చుననీ, ఫ్రేము సైజు సరిపోనందువల్ల పడుతున్నదనీ, వేరే సైకిలు సమకూర్చుకోవడానికి గడువిచ్చాననీ సూపరింటెండెంట్‌కు రాశాను.

తరువాతి ఆదివారం ఆమె పాత సైకిలు మార్పిడి చేసుకోవడానికి నరసరావుపేట వచ్చింది. పాత సైకిళ్ళ కొట్టు దాకా నేనూ వెళ్ళాను. అక్కడ వేరే రకం సిద్ధాంతి ఉన్నాడు. కొట్టువాడు ఏ బండి చూపించినా, "సీటు దించితే సరిపోద్ది మేడం. నాలుగు రోజులు తొక్కితే అలవాటైద్ది" అంటాడు. "అలవాటైతే నా కాలు పెరుగుద్దా?" అని ఆమె అడిగింది. సీటు దించితే సీటు దిగుతుంది, ఫ్రేము దిగదు. ఈ సంగతి అతనికి తెలియక కాదు.

తరువాత లేడీస్ బండి తీశాడు. "దీనికి రాడ్డే లేదు, ఇంక తగిలేదేంది?" అన్నాడు. రాడ్డు లేకపోవడం ఒక కొలత అని దేశమంతా నమ్ముతోంది. నేను చెప్పిన ప్రకారం ఆమె మోచేతిని సీటు ముందు కొసకు ఆన్చి చెయ్యి చాచింది. వేళ్ళ కొసలు హ్యాండిల్‌ను తాకాలి, లేదా దరిదాపుల్లోకి రావాలి. చాలా దూరంలో ఆగిపోయాయి. అది ఆడవాళ్ళ కోసం చేసిందే కావచ్చు, ఈ ఆడమనిషి కోసం మాత్రం కాదు. మరొకదానికి ఎత్తు కుదిరింది గాని, హ్యాండిల్ వెనక గొట్టం అడుగున రంగు ముడతలు పడి ఉంది. అంటే ఎప్పుడో దేనికో గుద్దుకుని ఉక్కు వంగింది. దాన్నీ వదిలేశాం.

చివరికి దొరికింది రాడ్డున్న మగవాళ్ళ బండే. ఇరవై ఇంచుల ఫ్రేము, చక్రాలూ చిన్నవి, రంగు పోయి ఉంది. కాళ్ళు ఆనించి నిలబడితే రాడ్డు తగల్లేదు. సీటెక్కి మడమ పెడల్ మీద పెడితే కిందికి పోయినప్పుడు కాలు తిన్నగా సాగింది. వేళ్ళు హ్యాండిల్‌ను తాకాయి. కొట్టు ముందు రోడ్డు మీద తొక్కి, ఎక్కడా అరుగు వెతుక్కోకుండా మా ఎదుట కాలు దించి ఆగింది. "ఇది ఆగుతోంది సారూ" అంది. పాత సైకిలు అక్కడే వదిలి ఇది తీసుకుపోయింది.

పదవీ విరమణకు ముందు చివరి తనిఖీకి ఆ ఊరు వెళ్ళాను. కాలనీకి ఉత్తరాలు వేళకు అందుతున్నాయి. ఆమె పడడం మానేసింది. పడటం ఎందుకు మానేసిందని ఒక అర్జీదారును అడిగాను. "కొత్త సైకిలు ఆ పిల్లకి అచ్చొచ్చిందండీ" అన్నాడు. ఇతని సంతకం అర్జీ మీద అందమైన సంతకాల్లో ఒకటి.

అదే సమయంలో సిద్ధాంతి సైకిలు మీద వచ్చి నా ముందు ఆగాడు. పాదాలు రెండూ నేలకు ఆన్చి హాయిగా నిలబడ్డాడు. ఆ పాత ఇరవై నాలుగు ఇంచుల బండే. ఊళ్ళో ఆ ఫ్రేముకు తగిన కాళ్ళు ఆయనవే. పేట కొట్లో కొనుక్కున్నాడట. కాకాయం ఏమైందని అడిగాను.

"అది ఆ అమ్మాయి జానకండీ. నా జానతో కట్టాను, ధ్వజాయం" అన్నాడు.

మనవాళ్ళు కొలవరు, అందుకే మోసపోతారు అని నేను చదువుకునే రోజుల నుంచి వాదిస్తూ వచ్చాను. ఆ వాదం తప్పు. కొలుస్తారు. దారం తెస్తారు, ముడి వేస్తారు, భాగించి శేషం చూస్తారు. కాబట్టి ఎవడైనా కొలిచి చెప్పానంటే నోరు మూసుకోవలసిన పనిలేదు. దేన్ని దేనితో కొలిచావని అడగాలి. సైకిలు విషయంలో ఆ జవాబు రాడ్డు, కాలు. మిగతా విషయాల్లో కూడా కాలు ఏదో తేల్చకుండా భాగహారం మొదలుపెట్టినవాడి చేతిలోంచి దారం తీసుకోవాలి.