తాళం వేసిన గదిలో ఏడో ఫేడరు

దెయ్యాలంటే నాకు భయం లేదు సరికదా, దెయ్యం కథలు చెప్పేవాళ్ల మీదే నాకు అనుమానం. ఎక్కడో తీగ ఊడి ఉంటుంది, లేదా ఎవడో ఆట పట్టిస్తుంటాడు అనుకునే రకం నేను. "అన్నంలో రాయొచ్చినా ఎవులేసినారా అని సూస్తావు" అని మా ఆవిడ లక్ష్మి దెప్పుతుంది. ఆ అనుమానమే నన్ను ఇందులో ఇరికించింది.

నరసన్నపేటలో మా మేడ మీద చిన్న రికార్డింగు గది నడుపుతున్నాను. జాతర పాటలు, పెళ్లి పాటలు చేస్తుంటాను. తాళం కోసం సీక్వెన్సర్ అనే మిషను వాడతాను. దాని మీద వరసగా పదహారు బటన్లుంటాయి. ఒక వెలుగు ఎడమ నుంచి కుడికి వాటి మీదుగా నడిచి, చివరికెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. మనం నొక్కి ఉంచిన బటను దగ్గరికి రాగానే, కొట్టమని కంప్యూటరుకి కబురు వెళ్తుంది. నొక్కని చోట నిశ్శబ్దం.

బటన్ల కిందే ఫేడర్లు. పైకీ కిందికీ జరిపే మీటలన్నమాట. ఒక్కో వాయిద్యానికి ఒక్కోటి. పైకి తోస్తే ఆ వాయిద్యం గట్టిగా వినిపిస్తుంది, కిందికి లాగితే తగ్గుతుంది. మనం ఎలా జరిపామో కంప్యూటరులో గీతలా పడుతుంది. కొన్ని ఖరీదైన మిషన్లలో ఫేడర్లు వాటంతటవే కదులుతాయి. నాదాంట్లో మోటారు లేదు, వేలు పెడితేనే కదులుతాయి.

లక్ష్మి వాళ్ల నాన్న, అంటే మా మావ, శ్రీకూర్మం దగ్గర ఒక ఊళ్లో తప్పెటగుళ్ల జట్టుకి పెద్ద. గుండెల మీద తప్పెట కట్టుకుని, పాడుతూ ఎగురుతూ కొట్టే ఆట అది. కొడుకు రమణ ఆయన పక్కనే కొట్టేవాడు. ఒక జాతరలో మావ అందరి ముందూ "నీ సేతికి తాళం లేదురా, దిగు" అని తిట్టాడు. రమణ తప్పెట విప్పేసి, మా వీధిలోనే సెల్‌ఫోన్లు బాగు చేసే కొట్టు పెట్టుకున్నాడు. మళ్లీ తప్పెట ముట్టుకోలేదు. తండ్రితో మాట్లాడనూ లేదు.

చివరి రోజుల్లో మావ నా గదిలో ఒక పాట పాడాడు. చెవులకి హెడ్‌ఫోన్లు, అందులో నా మిషను తాళం. ఆ తాళం నచ్చక మొహం చిట్లించుకునే పాడాడు. తర్వాత కొన్నాళ్లకే పోయాడు. ముందు నిలబడేవాడు లేక జట్టు కుదేలయింది. ఈ జాతరకి రికార్డు మీద ఆడదాం, బాగోకపోతే తప్పెటలు అటకెక్కించేద్దాం అనుకున్నారు. అందుకని ఆ పాటకి వాయిద్యాలు చేర్చి సిద్ధం చేసే పని నా మీద పడింది.

పని మొదలుపెట్టాక చివరి బటను ఆరిపోవడం మొదలైంది. నొక్కి వెలిగిస్తాను, సేవ్ చేస్తాను. టీ తాగి వచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది. వైరు మార్చాను, ప్లగ్గు మార్చాను. మిషను విప్పి తుడిచాను. పక్క బటన్లకి ఏ రోగమూ లేదు, చివరిదానికే.

ఇక మిగిలింది రమణ. సర్క్యూట్లు తెలిసినవాడు, మా ఇంట్లో చొరవగా తిరిగేవాడు, తండ్రి పాటంటే మండిపడేవాడు. అడిగితే "నానేటి సేసినాను బావా? నీ పెట్టిని నాను ముట్టుకోనేదు" అన్నాడు. నేను నమ్మలేదు. తమ్ముణ్ణి దొంగలా చూస్తున్నానని లక్ష్మి నాతో మాట్లాడటం మానేసింది.

దొంగను పట్టాలనే ఒక ఆదివారం రమణని భోజనానికి పిలిచాను. పాట నడుస్తుండగా కంప్యూటరుని రికార్డులో పెట్టి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఉన్నది ఆ ఒక్క తాళంచెవే. కింద రమణ నా ఎదురుగా కూర్చుని తిన్నాడు, లక్ష్మి వడ్డించింది. ఎవరూ పైకి వెళ్లలేదు.

చేయి కడుక్కుని రమణనీ వెంటబెట్టుకుని పైకెళ్లాను. తాళం వేసినట్టే ఉంది. కంప్యూటరులో మాత్రం ఏడో ఫేడరు గీత మారింది. అది తప్పెట ఫేడరు. పాట మధ్యలో ఒక్కచోట గీత మెల్లగా కిందికి దిగి, కాసేపు ఆగి, మెల్లగా పైకెక్కింది. ఎలుకైతే తోసేసి పోతుంది, మళ్లీ ఉన్నచోటికి తెచ్చి పెట్టదు.

అక్కడి నుంచి పాట వేశాను. మావ ఒక చరణం ముగించాడు. ఎప్పుడూ ఆ ఊపిరి తీసుకునే జాగాలో నా మిషను తప్పెట దబదబమని మోగుతుంది. ఈసారి అది తగ్గింది. దాని అడుగున మావ గొణుగుడు వినిపించింది.

"ఈ పెట్టి ఆగదేటి... మా రమణగాడైతే ఇక్కడ ఆగుతాడు."

ఆ మాట అక్కడుందని నాకే తెలియదు. రోజూ ఆరిపోతున్న చివరి బటను కూడా ఆ ఆగాల్సిన చోటిదే. మావ గొంతు ట్రాక్ రమణకి అంతకుముందు నేను ఒక్కసారి కూడా వినిపించలేదు. రమణ నేల మీద కూలబడి, "బావా, మళ్లీ ఎయ్యి" అన్నాడు. వేశాను. మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, వెళ్లి తలుపు తాళం మళ్లీ చూశాను.

జాతరకి మిషను తాళం తీసేశాను. మావ గొంతు ఒక్కటే స్పీకర్లో వేశాం. రమణ తప్పెట కట్టుకుని జట్టు ముందు నిలబడ్డాడు. ప్రతి చరణం చివరా అతని చెయ్యి ఆగింది, అతన్ని చూసి జట్టంతా ఆగింది.

తర్వాత ఆ మిషను ఒక్కసారి కూడా మొరాయించలేదు. అది నాకు మరీ అనుమానంగా ఉంది. రమణే ఏదో కిటుకు చేశాడని తేలితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. ఉండబట్టలేక మొన్న అడిగేశాను, "నిజం చెప్పరా, నువ్వే కదూ?" అని.

వాడు నా వంక వింతగా చూశాడు. "నువ్వే సేసినావనుకుంతన్నాను బావా, నాకోసం" అన్నాడు.

నేను కాదని పిల్లల మీద ఒట్టేశాను. వాడు నవ్వి నా భుజం తట్టాడు. నమ్మలేదు.