రెండు చన్నుల పాలు

ఇంట్లో పుట్టాల్సినవి కొట్టంలో, కొట్టంలో పుట్టాల్సినవి ఇంట్లో పుట్టాయని మా వాడకట్టులో అందరూ అమ్మను ఆటపట్టించేవాళ్ళు. మేం ముగ్గురం ఆడపిల్లలం. ఆవులేమో వరుసగా కోడెదూడలనే ఈనేవి. అమ్మ నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మూడో ఆడపిల్లను నేనే మరి. నేను పుట్టగానే నాయనమ్మ మొహం అటు తిప్పుకుని కూర్చుందట.

నాచారంలో మందుల కంపెనీల వెనక, ఒక ప్రహరీగోడకు ఆనుకుని మా రేకుల కొట్టం ఉంది. నాన్న పోయాక అమ్మే నడుపుతోంది. అక్కలిద్దరూ పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు. నేను అదే రోడ్డు చివర మందుగోళీలు ప్యాక్ చేసే కంపెనీలో పనిచేస్తాను. డ్యూటీకి ముందు పాలు పితికి, ఉప్పల్‌లోని అపార్ట్‌మెంట్లకు పోసి వస్తాను. మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో, స్కూటీకి రెండువైపులా క్యాన్లు కట్టుకుని అందరినీ తిట్టుకుంటూ పోయే ఆడమనిషి కనిపిస్తే అది నేనే.

కోడెదూడ పుడితే ఏమవుతుందో కొట్టం పెట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. ఎవరూ పైకి చెప్పరు. పాలివ్వదు, మేత మాత్రం మేస్తుంది. వెనకట ఊళ్ళో మా మేనమామ వాటిని తీసుకెళ్ళి ఎద్దులుగా సాకేవాడు. ఆయన ట్రాక్టర్ కొన్నాక ఆ దారీ మూసుకుపోయింది. మా కొట్టంలో ఒక పద్ధతి ఉండేది. పెయ్యదూడకు రెండు చన్నుల పాలు, కోడెకు ఒక చన్ను, మిగతావి క్యానుకు. పెయ్యలకు పేర్లు పెట్టేవాళ్ళం. కోడెలకు పెట్టేవాళ్ళం కాదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే అమ్మ చెప్పింది: "పేరు పెడితే పంపేటప్పుడు పిలవాలె బిడ్డా. నోరు రాదు."

ఆ మధ్య నాలుగేళ్ళు వరుసగా కోడెలే పుట్టాయి. ఉన్న ఐదు ఆవులూ ముసలివవుతున్నాయి. వాటి చోటికి రావడానికి ఒక్క పెయ్య కూడా లేదు. కొత్త ఆవును కొనే స్తోమత మాకు లేదు. పెయ్య పుడితేనే కొట్టం ఉంటుంది, లేకపోతే ఈ ఐదింటితో సరి. నాన్న పోయాక పద్దెనిమిదేళ్ళు ఎవరి ముందూ చేయి చాచకుండా బతికిన మనిషి మా అమ్మ. కొట్టం పోతే తనేం చేయాలో ఆమెకు తెలియదు. ఆమెను చూస్తే నాకు భయమేసేది.

ఆ పరిస్థితిలో పెద్దావు కవలలను ఈనింది. ముందు కోడె వచ్చింది. అమ్మ తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి రెండోది వచ్చింది. పెయ్య. అమ్మ దాని తోక ఎత్తి చూసి, నమ్మకం కుదరక నన్నూ చూడమంది.

"సూసినవా! మన కొట్టం నిలవడ్డది," అని ఏడ్చింది. ఆ రోజే పేరు పెట్టింది. ఆ పేరు నేనిక్కడ రాయను.

పెద్దావుకు పాలు తక్కువ. రెండు దూడలూ తాగితే క్యానుకు చుక్క కూడా మిగలదు. ముర్రుపాలు రెండింటికీ పట్టాం. ఐదోరోజున అమ్మ అంది, "గా కోడెను గుంజు. దానికి నీళ్ళు కలిపిన పాలు పట్టు. పెయ్యకు మాత్రం రెండు సన్నులు ఇడువు."

గుంజింది నేనే. ఇలా రాసేటప్పుడు అమ్మ చెప్పింది కదా అని తప్పించుకోవచ్చు, కానీ తాడు నా చేతిలోనే ఉంది. సీసాలో నీళ్ళు కలిపిందీ నేనే. రోజురోజుకూ నీళ్ళు ఎక్కువ, పాలు తక్కువ. అది సీసా వదిలేసి నా వేళ్ళు చీకేది. నాలుక గరుగ్గా, వెచ్చగా ఉండేది. మూడోవారంలో పారుడు రోగం పట్టుకుంది. ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి దాని మీద గోనెపట్టా కప్పి ఉంది. పెద్దావు రెండు రోజులు అరిచింది. తప్పు చేశానని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ మర్నాడు మామూలుగానే ఉప్పల్ వెళ్ళి పాలు పోసి వచ్చాను.

పెయ్య మాత్రం ఏపుగా పెరిగింది. పేరు పెట్టి పిలిస్తే తాడు లేకుండానే నా వెంట నడిచేది. కొట్టానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "ఇగ నీకేం ఫికర్ అక్కా," అని అమ్మతో అనేవాళ్ళు. రెండేళ్ళు నిండాయి, మూడోయేడు వచ్చింది. అది ఎదకు రాలేదు. అమ్మ మొలకెత్తిన పెసలు పెట్టింది, బెల్లం పెట్టింది, దిష్టి తీసింది. కడుపు కట్టుకుని మంచి దాణా కొని పెట్టింది. ఇక ఆగలేక పోయిన నెల పశువుల డాక్టరును పిలిపించాను.

ఆయన చేతికి పొడవాటి గ్లౌజు వేసుకుని చాలాసేపు పరీక్ష చేశాడు. చేయి కడుక్కుంటూ అడిగాడు.

"అమ్మా, ఇది కవల పుట్టిందా?"

"అవు సారు," అంది అమ్మ గొప్పగా.

"తోడుగ పుట్టింది కోడేనా?"

"కోడెనే. అది బతకలే."

"అది బతికినా బతకకున్నా గింతే అమ్మా. కడుపుల ఉన్నప్పుడే రెండింటి రక్తం కలుస్తది. కోడెతోని పుట్టిన పెయ్యకు గర్భసంచి సరిగ పెరగదు. ఎక్కడో ఒకటి తప్ప అన్నీ గొడ్డుపోతయి. దీనికైతే సంచే లేనట్టుంది. పుట్టిన్నాడే అడిగితే చెప్తుంటిమి."

ఆయన జాలిపడి, ఇప్పుడు పెయ్యలే పుట్టే సూది వచ్చిందని చెప్పాడు.

"ఎవరికి వేస్తవు సారు?" అంది అమ్మ. "అన్నీ ముసలియే. చూలు కట్టే ఈడుది ఇదొక్కతే."

ఆయన వెళ్ళాక నేను లెక్క సరిచూసుకున్నాను. దేని పాలు ఆపి దేనికి పోశామో, ఆ రెండూ పుట్టిన రోజునే మాకు ఒకటే. ఏదీ కొట్టాన్ని నిలబెట్టేది కాదు. అడిగి ఉంటే చెరొక చన్నూ ఇచ్చేవాళ్ళం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కానీ కాలింది మా చేతులు కావు.

ఆ సాయంత్రం అమ్మ క్యాన్లు కడుగుతుంటే, నోరు ఊరుకోక అడిగేశాను. "నేను పుట్టినప్పుడు నాకు గూడ నీళ్ళపాలే పట్టినవా?"

అమ్మ చేయి ఆగిపోయింది. "నీకు కడుపునిండ ఇచ్చిన. మీ నాయనమ్మ తలుపుకాడ కూసొని గొణిగినా ఇచ్చిన." మళ్ళీ క్యాను తోముతూ మెల్లగా అంది, "దానికి గూడ ఇస్తే ఏం పోవునే."

ఈనని ఆవును మేపే శక్తి మాకు లేదు. గోశాలలో అడిగితే చోటు లేదన్నారు. పోయిన ఆదివారం పొద్దున వ్యాను వచ్చింది. ఎక్కడికి తీసుకుపోతారని మేము అడగలేదు, డ్రైవరూ చెప్పలేదు. అతను తాడు పట్టి లాగితే పెయ్య నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపట్టి నిలబడింది. కర్ర తీయబోయాడు.

"కొట్టకు," అంది అమ్మ. నా వైపు చూడకుండానే, "నువ్వు పిలువు. నీ మాటింటది," అంది.

నేను వ్యాను ఎక్కి, పేరు పెట్టి పిలిచాను. తాడు అవసరం లేకుండా ఎక్కి వచ్చి, నా చేయి నాకింది.