లావు అక్షరాల్లో పాలవ్వ

అక్షరం ఎంత లావుగా ఉంటే వార్త అంత నిజమని జనం నమ్మిన కాలం ఒకటి ఉండేది. (అది ఇప్పుడు పోయిందని నేననడం లేదు, ఆధారం దొరకలేదు.) రసాయనశాస్త్రంలో పట్టా చేతబట్టుకుని, ప్రతి మాటకూ రుజువు అడిగే జబ్బు నెత్తిన పెట్టుకుని, జగిత్యాలలో అచ్చయ్యే ఒక చిన్న దినపత్రికలో నేను ఉపసంపాదకురాలిగా చేరింది ఆ కాలంలోనే. కోరుట్ల నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఆ పత్రికలో శీర్షికలన్నీ ఒకే ఒక ఎక్స్‌ట్రా బోల్డ్ ఫాంటులో ఉండేవి. దాన్ని వెంట తెచ్చినవాడు మాకు పేజీలు పెట్టే భాయ్. ఆయన అంతకు ముందు సిరిసిల్లలో ఫ్లెక్సీల దుకాణంలో పనిచేసేవాడు. పుట్టినరోజు శుభాకాంక్షలైనా, నాయకుడికి స్వాగతమైనా, పోయినవారికి అశ్రునివాళి అయినా ఆ ఒక్క అక్షరంతోనే నడిపించిన మనిషి. మేమంతా ఆయన్ను బోల్డ్ భాయ్ అనేవాళ్ళం. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించాడు.

ఆ ఫాంటు మీద నాకున్న కోపానికి శాస్త్రీయమైన కారణాలున్నాయి. తెలుగు అక్షరం గుండ్రనిది. దాని రూపంతా లోపలి ఖాళీలో ఉంటుంది. లావు చేసినప్పుడు పక్కకు జరగడానికి చోటు లేక అది లోపలికే పెరుగుతుంది. సున్నా కడుపు పూడిపోయి నల్లని గుండీ అవుతుంది. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. ఈ మాట మా సంపాదకుడికి (ఆయన్ను పెద్దసారు అనేవాళ్ళం) విన్నవిస్తే, ఆయన పాన్ నములుతూ, "సైన్స్ మేడం, అక్షరం సదువుకోనీకె గాదు, మందిని ఆపనీకె. బస్టాండుల ఉరుకుతున్నోడు ఆగాలె. గీ ఫాంటు పెట్టినంక పేపరు ఎక్కువ పోతుంది, ఎరికేనా?" అన్నారు. నేను అమ్మకాల లెక్కలు తీసి చూశాను. ఎక్కువ పోయిన రోజులన్నీ కోరుట్లలో అంగడి, అంటే వారపు సంత, జరిగే రోజులే. ఆ సంగతి చెబితే, "అయితే అంగడికి గూడ మన ఫాంటే కారణమేమో" అన్నారు. అటువంటి వాదనకు ఏ ప్రయోగశాలలోనూ జవాబు లేదు.

అసలు ఉపద్రవం నేను సెలవులో ఉన్న రోజున జరిగింది. మర్నాడు పత్రిక చేతికొచ్చేసరికి మొదటి పేజీలో, పేజీ ఈ కొస నుంచి ఆ కొస దాకా, 'కోరుట్లలో విషపు పాలు!' అని బండరాళ్ళు పేర్చినట్టున్నాయి అక్షరాలు. రాసినవాడు మా కోరుట్ల విలేకరి. అతన్ని ముద్దుగా అందరూ హడావుడి అని పిలిచేవాళ్ళు. బస్టాండు దగ్గరి హోటల్లో పాలు విరిగాయి, అవి తాగిన ఇతనికి సాయంత్రం కడుపునొప్పి వచ్చింది; ఈ రెంటినీ కలిపి వార్త చేశాడు. ఆ పాలు కథలాపూర్ నుంచి వచ్చే ఫలానా పాలవ్వవని కూడా రాశాడు. వెంటనే హడావుడికి ఫోన్ చేశాను.

"ఆ రోజు ఇంకేమైనా తిన్నారా?"

"ఏం తినలే మేడం. మిర్చి బజ్జీలు, గంతే."

"ఎన్ని?"

"గవ్వి లెక్కవెడ్తమా మేడం, బజ్జీలను?"

అక్కడితో ఆగక హోటల్‌కు వెళ్ళి విచారించాను. పాలు కాచిన గిన్నెలో అంతకు ముందు పులిహోరకు చింతపండు నానబెట్టారట. కడగడం సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదట. పాలు విరగడానికి విషమే కావాలా! ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సహించనంత కోపం వచ్చింది నాకు.

ఆ వారంలోనే పాలవ్వ స్వయంగా మా ఆఫీసుకు వచ్చింది. చంకలో ఖాళీ క్యాను, కొంగున చుట్టిన పత్రిక. బల్ల మీద పత్రిక పరిచి, శీర్షిక మీద చెయ్యి అడ్డంగా పెట్టి కొలిచింది. అక్షరం ఎత్తు ఆమె నాలుగు వేళ్ళు.

"గీ లావుది రాసింది ఎవ్వలు?" అంది.

బోల్డ్ భాయ్ కంప్యూటరు వెనక్కి తల దించుకున్నాడు. పెద్దసారు దగ్గారు.

"నాకు సదువు రాదు సారూ. గాని పేపరు సూపిచ్చి మంది నా దిక్కు ఎట్ల సూస్తుండ్రో గది తెలుస్తది. హోటలోడు వద్దన్నడు. డెయిరీల వద్దన్నరు. ఇరుగుపొరుగోళ్ళు గూడ వద్దన్నరు. బర్రెకు పేపరు సదువరాదు గద, పొద్దు మాపు పాలిస్తనే ఉన్నది. నేనేం జెయ్యాలె? కాల్వల పారవొయ్యాల్నా? ఇంకో నెల గిట్లనే అయితే బర్రెను అమ్ముకునుడే."

"తప్పైతే సవరణ వేస్తం తీయవ్వా" అన్నారు పెద్దసారు.

మా సవరణలు ఎక్కడ పడతాయో నాకు తెలుసు. లోపలి పేజీలో, పెళ్ళిసంబంధాల ప్రకటన కింద, సన్నని అక్షరాల్లో, భూతద్దం ఉన్నవాడికి మాత్రమే దక్కే భాగ్యం అది. ఆ మాట పాలవ్వకు చెప్పేశాను. ఆమె క్యాను కింద పెట్టి, కుర్చీలో కూర్చుంది.

"గట్లైతే నేను లేవ. దొంగ అన్నప్పుడు గింత లావు, కాదన్నప్పుడు చీమకాలంతనా? ఏ లావుల తిట్టిండ్రో గా లావులనే కడగాలె."

న్యాయశాస్త్రంలో ఇంతకన్నా సరైన సూత్రం ఉంటుందని నేననుకోను. పాల నమూనా తీసుకుని, నేను చదివిన కాలేజీ ప్రయోగశాలలో మా పాత మాష్టారి ఎదుట పరీక్ష చేశాను. గంజి లేదు, యూరియా లేదు, సబ్బు లేదు. చివరికి నీళ్ళు కలిపిన జాడ కూడా లేదు. ఫలితాన్ని ఎంతో జాగ్రత్తగా రాశాను: 'పరీక్షించిన నమూనాలో, పరీక్షించిన కల్తీ పదార్థాలేవీ, పరీక్షించిన పద్ధతుల పరిమితికి లోబడి, కనిపించలేదు.' పెద్దసారు చదివి నిట్టూర్చారు.

"గిది సవరణనా, సప్లిమెంటరీ పరీక్షనా అమ్మా?"

"సవరణే సార్. మొదటి పేజీలో, అదే ఫాంటులో వేయాలి. లేకపోతే నేను రేపటి నుంచి రాను."

ఆయన పాన్ ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుని పైకప్పు చూశారు. బహుశా నేను వెళ్ళిపోతే నష్టమెంతో లెక్కవేసి ఉంటారు. ఆ లెక్క నాకు అనుకూలంగా వచ్చిందంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. "సరే, ఏద్దాం. భాయ్, అవ్వ ఫోటో గూడ పెట్టు. నిండుగుండాలె."

బోల్డ్ భాయ్ ముఖం వెలిగిపోయింది. "ఫికర్ జేయకుండ్రి మేడం. గిట్ల కొడ్త, మెట్‌పల్లి బస్సుల కూసున్నోనికి గూడ కనవడాలె."

కొట్టాడు. నడుమ పాలవ్వ ఫోటో, ఆధార్ కార్డులో ఉండే గంభీర ముఖంతో. చుట్టూ దట్టమైన నల్ల అంచు. ఫోటో కింద ఆమె పేరు ఎక్స్‌ట్రా బోల్డులో. పైన 'పాలవ్వ పాలు స్వచ్ఛం' అని అవే బండరాళ్ళు. అడుగున నా నివేదిక, మామూలు అక్షరాల్లో. అక్షరం ఎత్తును స్కేలుతో కొలిచి, పాత శీర్షికతో సరిపోల్చుకుని, సంతృప్తిగా ఇంటికి వెళ్ళాను. కొలవవలసినది ఎత్తు ఒక్కటే అని నా నమ్మకం.

మర్నాడు పొద్దున కోరుట్ల బస్టాండు దగ్గర హోటల్ యజమాని పొయ్యి ఆర్పేసి, కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఎంత మంచి ముసల్ది మేడం! నేను పాలు వద్దన్న రందికే, గా దిగులుకే పోయింది."

"ఎవరు పోయారు?"

"పాలవ్వ. పేపర్ల ఏసిండ్రు గద."

"అందులో ఏం రాశారో చదివారా?"

"సదువుడెందుకు మేడం? నల్ల పట్టి, నడుమ ఫోటో, కింద లావుగ పేరు. కనవడ్తలేదా?"

మూడు పేరాల నివేదిక! పరిమితులతో సహా! ఒక్క మనిషీ ఒక్క వాక్యమూ చదవలేదు! ఆ ఆవేశంలోనే ఆయనతో పాటు ఆటో ఎక్కి కథలాపూర్ వెళ్ళాను. దారి పొడవునా ఆయన పాలవ్వ మంచితనాన్ని వర్ణిస్తూనే ఉన్నాడు. (పాలు వద్దన్నప్పుడు ఈ మంచితనం ఏ డబ్బాలో పెట్టి మూతవేశాడో తెలియదు.) పాలవ్వ వాకిట అప్పటికే జనం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వాకిట్లోకి రాకముందే ఏడుపు అందుకున్నారు. డెయిరీ తరఫున ఒకాయన పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. అందరి చేతుల్లోనూ మా పత్రిక.

కొట్టం వెనక నుంచి పాలచెంబుతో పాలవ్వ వచ్చింది. దండను చూసింది. దండ పట్టినాయనను చూసింది.

"ఎవ్వలు సచ్చిండ్రు?"

ఏడుపు ఠక్కున ఆగింది. చివరికి హోటల్ యజమాని, "నువ్వే అవ్వా... అంటే, పేపర్ల..." అన్నాడు.

పాలవ్వ ఆ పత్రికను అందుకుని తన ఫోటో చూసుకుంది. అక్షరాల మీద నాలుగు వేళ్ళు పెట్టి కొలిచింది. సరిగ్గా సరిపోయాయి. నాకేసి చూసి మెచ్చుకోలుగా తలాడించి, జనం వైపు తిరిగింది.

"నేను బతికున్నప్పుడు నా పాలు చేదైనయి. సచ్చినంక దండలు తెచ్చిండ్రా? సిగ్గు లేదా మీకు? కూసోండ్రి. చాయి తాగకుంట ఒక్కలు గూడ కదలద్దు."

ఎలా కదులుతారు? ఎవరి కోసం ఏడుస్తూ వచ్చారో ఆ మనిషే గ్లాసు అందిస్తుంటే వద్దనగల గుండె మా వైపు ఎవరికీ ఉండదు. హోటల్ యజమాని ముందుగా తాగాడు. దండ తెచ్చినాయన దండను ఒళ్ళో పెట్టుకుని తాగాడు. ఏడ్చిన ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకుని తాగారు. కాసేపటికి అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. "రేపటిసంది తే అవ్వా, ఎప్పటి తీరుగనే" అన్నాడు హోటల్ యజమాని, నేలచూపులు చూస్తూ.

నాకు ఒళ్ళు మండింది. ఇది రుజువేనా? ఒక గ్లాసు చాయ్ తాగి బతికి ఉండటం పరీక్ష అవుతుందా? నమూనా ఎంత, పోలిక ఏది, ఎన్ని గంటలు గమనించారు? ఇదంతా గట్టిగా అడగబోతుంటే గ్లాసు నా ముందుకు వచ్చింది. నేను పరీక్షించింది పోయిన వారం పాలు. ఇవి ఈ పూటవి. ఒక్క క్షణం తటపటాయించాను.

"ఏంది బిడ్డా, నీకు గూడ అనుమానమేనా?" అంది పాలవ్వ.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్తే పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, "చూసినవా మేడం, ఎక్స్‌ట్రా బోల్డ్ దెబ్బ! ముసల్దాని పాలు మళ్ళ మొదలైనయి" అన్నారు. అది బోల్డ్ వల్ల కాదని నిరూపించడానికి ఇన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. ఫలితం ఆయనకు అనుకూలంగా వచ్చినందువల్ల నా వాదన ఎవరూ వినరు. తల నెరిసిన ఈ వయసులోనూ ఆ కోపం కొంచెం కూడా తగ్గలేదు. కానీ కథలాపూర్ వాకిట్లో, గంజిని పట్టించే అయోడిన్ సీసా లేకుండా, పోలిక నమూనా లేకుండా, ఆ గ్లాసును రెండు చేతులా అందుకుని గటగటా తాగేసిన అప్పటి నాలోని ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చినప్పుడు మాత్రం నవ్వొస్తుంది. మీగడ మూతికి అంటుకున్నా తుడుచుకోలేదు. చాయ్ చాలా బాగుంది. (ఒక్కసారి తాగిన అనుభవం మీద చెబుతున్నాను; అంతకు మించి ఏ ఆధారమూ లేదు.)