చిన్నమ్మ పెంచిన ఎర్ర కోడిపిల్లలు

మా చిన్నప్పుడు మా ఇంట్లో కోడిపిల్లలు ఎర్రగా ఉండేవి. మామూలు ఎరుపు కాదు... పెళ్ళికూతురి చీరంత ఎరుపు. నవ్వకండి. నా మాట నమ్మే అలవాటు మా ఊళ్ళో ఎవరికీ లేదు, మీరైనా నమ్మండి.

మాది రామన్నపేట దగ్గర పల్లె. మగ్గాల ఇల్లు. నూలుకు రంగులు కూడా మేమే వేసుకునేవాళ్ళం. నేను నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టి, మగ్గానికి నూలు కండెలు చుడుతూ, అందరి గొంతులూ అనుకరిస్తూ తిట్లు తినేవాణ్ణి.

మా చిన్నాయిన భార్య పేరు అండాలు. చిన్నమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి, పురిట్లోనే పోయారు. అప్పటినుంచి ఆమె అత్త, అంటే మా అవ్వ, ఆమెను పెరట్లో విత్తనం పెట్టనిచ్చేది కాదు. మా వైపు అంతే... ఎవరి చెయ్యి మంచిదో వాళ్ళతోనే తొలి విత్తు పెట్టిస్తారు. "దాని చెయ్యి తగిల్తే ఏదీ బతుకది" అని అవ్వ పక్కింటామెతో అనడం నేను విన్నాను. చిన్నమ్మ కూడా విన్నది. ఆ పూట మగ్గం ఆగి ఉంది మరి... అన్నీ వినబడతాయి.

శివరాత్రి పోయి చలి తగ్గాక, చిన్నమ్మ ధైర్యం చేసి అడిగింది.

"అత్తా, తానం నీళ్ళు పారేకాడ బీర విత్తులు పెడ్త. పొదుగు కోడిని గూడ నేనే సూస్కుంట."

"పెట్టు. ఎండిపోతే మల్ల నా దగ్గర ఏడ్వకు."

"ఎండది."

"అబ్బో... గంత నమ్మకమా!"

చిన్నమ్మ పాదు తవ్వి బీర విత్తులు పెట్టింది. గంపలో గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు పెట్టి, కోడిని పొదగేసింది.

బీర మొలిచింది. గుడ్లు పిల్లలయ్యాయి. అప్పుడు చూడాలి ఆమె మొహం...

అంతలోనే గద్ద ఒక పిల్లను ఎత్తుకుపోయింది. దానికి మా ఇళ్ళల్లో ఒక మందు ఉండేది. పిల్లలకు రంగు పూస్తే గద్ద పోల్చుకోలేదని. మిగతా వాళ్ళు వీపు మీద ఇంత రంగు రాసి వదిలేవాళ్ళు. మా చిన్నమ్మ ప్రేమ కొద్దీ, బానలో మిగిలిన చల్లారిన రంగులో ఒక్కొక్కదాన్నీ ముక్కు నుంచి తోక దాకా ముంచి తీసింది!

గద్ద పోల్చుకోలేదు, సరే... తల్లికోడి కూడా పోల్చుకోలేదు. దగ్గరికొస్తే పొడిచి పొడిచి తరిమింది.

"సూసినవా? తల్లిని, పిల్లలని ఎడబాపినవ్," అన్నది అవ్వ.

చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వణుకుతున్న పిల్లలను కొంగులో వేసుకుని, "తల్లి లేకుంటే ఏంది? నేను లేనా?" అన్నది.

అలాగే పెంచింది. పగిలిన కుండలో పేడ, గడ్డి కూరి చెదల పుట్ట మీద బోర్లించి వచ్చేది. పొద్దున్నే కుండలో పట్టిన చెదలు దులిపితే పిల్లలకు పండగ. రాత్రి గంపను పొయ్యి పక్కన, వెచ్చగా ఉండేచోట పెట్టేది. అవి మొలకలను గీకకుండా పాదు చుట్టూ కంప నాటింది. తీగ పందిరెక్కింది. సాయంత్రం పందిరి కింద నిలబడి "బో... బో... బో..." అని పిలిస్తే ఎర్ర పూసల దండ తెగినట్టు పరుగెత్తుకొచ్చేవి.

నేను ఊరుకుంటానా... గోడ చాటు నుంచి ఆమె గొంతుతోనే పిలిచేవాణ్ణి. అవి ఉరికొచ్చి వెర్రిగా చూసేవి.

"నా గొంతు గూడ ఎత్కపోయినవురా, దొంగసచ్చినోడా!" అని నవ్వేది చిన్నమ్మ. ఆమె నవ్వడం మళ్ళీ అప్పుడే చూశాం.

ఎండలు ముదిరాయి. చిన్నమ్మకు జ్వరం పట్టి దిగలేదు. చిన్నాయిన బండి కట్టి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. బండి ఎక్కుతూ నాతో, "పిల్లలకు నూకలెయ్యి యాదిగా. ఫికర్ జెయ్యకు, కాయ ముదిరేటాలకు వస్త," అన్నది.

రాలేదు...

దినవారాలన్నీ అయిపోయిన తర్వాత ఒక సాయంత్రం. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను జొన్నరొట్టె తింటున్నాను. కోళ్ళు పెద్దవయ్యాయి, కొత్త ఈకలొచ్చి ఎరుపు రెక్కల చివర్లలోనే మిగిలింది. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి తలలెత్తాయి. పందిరి కిందికి పరుగెత్తాయి. గుండ్రంగా నిలబడి పైకి చూశాయి... ఎవరి మొహంలోకో చూసినట్టు.

"బాడ్కావ్! నువ్వే పిలిచినవ్ గదరా!" అన్నది అవ్వ.

నోటి నిండా రొట్టె. తల అడ్డంగా ఊపాను. నమ్మలేదు.

మర్నాడు అదే వేళకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. కోళ్ళు మళ్ళీ తలలెత్తాయి... మళ్ళీ ఉరికాయి. నా మూతి మీద అవ్వ చెయ్యి చల్లబడిపోయింది. కాసేపటికి లేచి, చేటలో నూకలు తెచ్చి, అవి నిలబడ్డ చోటే చల్లింది.

మరుసటి ఏడు మళ్ళీ విత్తే రోజులొచ్చాయి. చిన్నమ్మ పెట్టిన తీగ మీదే ఎండిపోయిన బీరకాయను అవ్వ పగలగొట్టి, నల్లటి గింజలు దోసిట్లో పోసుకుని పాదు దగ్గర నిలబడింది. పెట్టదు, కదలదు.

"ఏందవ్వా, ఆగినవ్?"

"జర ఊకోరా. అండాలు రావాలె."

అవ్వ పందిరి వైపు తిరిగి, దోసిలి ముందుకు చాపింది. ఎవరికో అందిస్తున్నట్టు...

"పెట్టు బిడ్డా," అన్నది. "నీ చెయ్యి మంచిది."

అవ్వ చిన్నమ్మను బిడ్డా అనడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

ఇప్పుడు విత్తనాలు పొట్లాల్లో వస్తున్నాయి. కాస్తే కంపెనీ మంచిదంటాం, కాయకపోతే మందు కొడతాం... ఎవరి చెయ్యి అని అడిగేవాళ్ళు లేరు.

మీ పెరట్లో తొలి విత్తు ఎవరి చేత్తో పడేది? ఆ పేరు ఇక్కడ రాయండి... బతికుండగా వాళ్ళకు ఆ మాట చెప్పలేకపోయి ఉంటే, తప్పకుండా రాయండి.