మాలకొండయ్య సీసా

శుక్రవారం పొద్దున మాలకొండయ్య వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు చిన్న సీసాలో పట్టుకొచ్చి, వంటింటి కిటికీలో ఆవకాయ జాడీ పక్కన పెట్టి, భార్య రాఘవమ్మతో "మేయ్, రేపటిదాకా దాన్ని ముట్టుకోబాక" అన్నాడు. కాఫీ తాగి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. నీళ్లు కనబడితే సీసాలో పట్టాల్సిందే. మండలంలో నీళ్ల పరీక్ష నేర్పినప్పుడు తెచ్చుకున్న సీసాలవి. అడుగున మందు ఉంటుంది. నీళ్లలో పేడ, పెంట తాలూకు క్రిములుంటే మర్నాటికి నల్లబడతాయి. రాఘవమ్మ ఆరేళ్లు ఆ సీసాల మధ్యే వంట చేసింది.

తోడల్లుడి కొడుకు పెళ్లిచూపులకు పోయి కూడా, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా సీసాలో పోశాడు. పిల్ల తండ్రి జయరామయ్య ముఖం మాడిపోయింది.

"ఏందన్నా, పిల్లను చూసేదానికి వచ్చినావా, నీళ్లు చూసేదానికా?"

"పిల్ల ఇప్పుడే కనబడతాది. నీళ్ల సంగతి రేపటికి గానీ తేలదు."

రాఘవమ్మకు బల్ల కిందికి దూరిపోవాలనిపించింది. మర్నాడు ఈయనే ఫోన్ చేశాడు. "సంబంధం ఖాయం అన్నా! నీళ్లు మాత్రం కాచి తాగండి."

వాగు వెంబడి ఆయన నడవని గట్టు లేదు. పైన వరి మళ్ల దగ్గర పట్టిన సీసా తేటగానే ఉండేది. బర్రెలు దిగే రేవు దాటితే బూడిదరంగు. దావీదు రొయ్యల గుంట గట్టున కోళ్ల ఎరువు కుప్ప దాటితే కాటుకే. జమ్ము దట్టంగా పెరిగిన చోట మళ్లీ కాస్త తేరుకునేది. అయినా ఎవరినీ వేలెత్తి చూపలేదు.

"దావీదూ, ఆ కుప్ప అక్కడుంటే వాస్తు దోషంరా."

"నేను చర్చికి పొయ్యేవాణ్ణి గదన్నా, నాకు వాస్తేంది?"

"నీకు లేకపోతే పోయె, రొయ్యకుండాది గదా!"

వారంలో కుప్ప కదిలింది.

రాఘవమ్మ కోపం వేరు. వాగు గట్టున ఉన్న తమ పశువుల కొట్టాన్ని కూడా వాస్తు పేరు చెప్పి రెండు పొలాల అవతలికి మార్చాడు. పాత చోట ఆమె కొట్టం కడిగితే నీళ్లు నేరుగా వాగులోకి జారేవి, చిటికెలో పని. ఇప్పుడు పాలచెంబుతో అంత దూరం నడక. "గుడి గడప తొక్కనోడికి వాస్తేందయ్యా!" అని రోజూ సాధించేది. ఆయన నవ్వేవాడు. సాధించడానికి మనిషి లేని ఈ పది రోజుల్లో ఆ నడక మరీ దూరమైపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు మొగ దగ్గరి పాలెం నుంచి పేరమ్మ వచ్చింది. వాళ్లు వాగు ఇసకలో చెలమ తవ్వుకుని తాగుతారు.

"అక్కా, అన్న పట్టుకొచ్చిన మా నీళ్లు ఏమైనాయి? ఆరేళ్ల కిందట విరోచనాలై మా మనవరాలు చిట్టికి చావు తప్పింది గదా, అప్పట్నుంచి అన్న సీసా సంగతి చెప్తేగానీ అది చెలమలో నీళ్లు ముట్టదు."

కిటికీలో సీసాను ఎవరూ కదిలించలేదు. రాఘవమ్మ వెలుగుకు ఎత్తి చూసింది. నల్లబడలేదు.

"బాగుండాయి పేరమ్మా," అంది. మళ్లీ ఆయనలాగే, "అయినా కాచి తాగండి."

ఆ సీసాను దాచిపెడదామని ఆయన పాత సీసాల పెట్టె తెరిచింది. అన్నిటికీ అడుగున ఒకటి, మసిలా నల్లగా ఎండిపోయి ఉంది. చుట్టిన కాగితం మీద ఆరేళ్ల కిందటి తేదీ, ఆయన కోడిగీతల రాత:

"మన కొట్టం దిగువన వాగు నీళ్లు. చిట్టి ఆసుపత్రిలో. రాఘవమ్మకు తెలిస్తే కుమిలిపోతుంది. వాస్తు అని చెప్పి కొట్టం మార్చాల."