మార్తమ్మ పెట్టిన హాస్పిటల్ సీను

ఫిల్మ్‌నగర్ షూటింగులకు జూనియర్ ఆర్టిస్టులను పంపే మార్తమ్మ నోటికి డైరెక్టర్లే జడుసుకునేవారు. 1993లో యూసుఫ్‌గూడలో ఆడవాళ్ళకు ఉచితంగా క్యాన్సర్ పరీక్షలు పెడితే ఒక్కరూ కదల్లేదు. "రేపు ఆరింటికల్లా రండి, హాస్పిటల్ సీను" అని కబురు పెట్టిందామె. నలభైమంది పౌడరు రాసుకుని మరీ దిగారు.

కెమెరా ఏదని గొణిగితే, "సినిమాల్లో ఎన్నిసార్లు రోగులయ్యారు? ఒక్కసారి మీకోసం కూర్చోండి" అని కసిరింది.

ముగ్గురికి మళ్ళీ పరీక్ష చెయ్యాలి, ఆగమంది డాక్టరమ్మ. వాళ్ళు బెంబేలెత్తిపోయారు.

"రీటేకే కదర్రా. లైటు సరిపోలేదనుకోండి" అంది మార్తమ్మ.

చివర్లో తనూ చూపించుకుంది. డాక్టరమ్మ ఆమెనూ ఆగమంది. మళ్ళీ ఎందుకని మార్తమ్మ మూడుసార్లు అడిగింది.

"ఫికర్ చెయ్యకక్కా, లైటు సరిపోలే, గంతే" అంది ముగ్గురిలో ఒకామె, బెంచీ మీద జరిగి చోటిస్తూ.