మంగళవారం అరగంట

మేం బి.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా యూనివర్సిటీ నుంచి ఒక మేడం మా కాలేజీకి పరిశోధన కోసం వచ్చింది. కాలేజీ ఆడపిల్లల ప్రవర్తనలో సమస్యలు ఆవిడ విషయం. సైక్లోస్టైల్ చేసిన కాగితాలు పంచి, "నాకు కోపం తొందరగా వస్తుంది", "నాతో ఎవరూ కలవరు" లాంటి వాక్యాల పక్కన టిక్కులు పెట్టమంది. లెక్చరర్లను కూడా అడిగి ఎనిమిది మందిని ఎంచుకుంది. ప్రతి మంగళవారం వాళ్ళను ఒక్కొక్కరినే లాబ్ పక్క గదిలో కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడేది.

ఆ ఎనిమిది మందిలో నా స్నేహితురాలు ఉంది. నేను లేను!

ఎందుకుంటాను? క్లాసులో ఫస్టు, క్లాసు లీడర్ని, తల వంచుకుని వెళ్ళి తల వంచుకుని వచ్చే పిల్లని. ఆమేమో పాత ఉప్పల్ రైతు కూతురు. ఎవరితో పడితే వాళ్ళతో గొడవ. పెన్సిల్ అడిగితే గొడవ, అడక్కపోతే గొడవ. నాకు మాత్రం రోజూ బస్సులో సీటు పట్టి ఉంచేది. తను ఉప్పల్‌లో ఎక్కితే, నేను నాచారం నుంచి నడిచొచ్చి హబ్సిగూడలో ఎక్కేదాన్ని. నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం మేం గుంటూరు నుంచి వచ్చి అప్పటికి రెండేళ్ళు. నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే.

మొదటి మంగళవారం తిరుగు బస్సులో ఆమె మొహం చూడాలి, వెలిగిపోతోంది.

"మేడం ఏమడిగిందో ఎరుకేనా? నీకేం ఇష్టమమ్మా అన్నది. గట్ల నన్ను ఎవ్వలు అడగలె ఇప్పటిదాంక. ఫ్లాస్కుల చాయ్ తెచ్చుకున్నది, అండ్ల సగం నాకే పోసింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు బుద్ధిగా ఉన్నానే, నన్ను ఒక్కరైనా ఆ మాట అడిగారా? ఇంట్లో మార్కులు అడిగారు, కాలేజీలో అటెండెన్స్ రిజిస్టర్ అడిగారు. తగాదాలు పెట్టుకునేదానికేమో చాయ్, కబుర్లూనా! అక్కడితో ఆగిందా? ప్రతి వారం మేడం గిట్లన్నది, మేడం గట్లన్నది. నాలుగో వారానికి నేను నోట్సు తెరిచి చదువుతున్నట్టు నటించడం మొదలుపెట్టాను. పలకరిస్తే ఊఁ అనేదాన్ని. కొన్నాళ్ళకి అదీ మానేశాను. ఆమె మాత్రం సీటు పట్టడం మానలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక మేడం నన్ను పిలిచింది.

"క్లాసు లీడర్వి కదా, నా దగ్గరికొచ్చే నీ క్లాసు అమ్మాయిల్లో మార్పేమైనా వచ్చిందేమో నాలుగు మాటలు రాసివ్వు. బాగుపడ్డవాళ్ళని ఆపేసి, వాళ్ళ చోట కొత్తవాళ్ళని తీసుకుంటాను."

చెడ్డగా రాస్తే నా స్నేహితురాలు అక్కడే ఉంటుంది. మంచిగా రాస్తే పోతుంది. ఈ లెక్క తేలడానికి నాకు క్షణం పట్టలేదు. "ఇప్పుడు అందరితో కలిసిమెలిసి ఉంటోంది, గొడవలు పూర్తిగా తగ్గాయి, చదువు మీద శ్రద్ధ పెరిగింది" అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. ముందురోజే ఆమె ఒకమ్మాయి టిఫిన్ బాక్సు కిటికీలోంచి విసిరేసింది. మేడం నా మాట నమ్మింది. పనిలో పనిగా నాకూ చాలా బాధలున్నాయని చెప్పుకున్నాను. మరుసటి మంగళవారం ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. చాయ్ కూడా తాగాను.

ఆ సాయంత్రం బస్సులో ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నా గురించి మస్తు మంచిగ రాసినవంట గదా! మేడం సదివి ఇనిపించింది. నా మీద గంత మంచిగ ఎవ్వలు రాయలె, నిజంగ."

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నీకు చెప్పలె గని, మా నాయిన నన్ను కాలేజికి వద్దన్నడు. మూడు దినాలు అన్నం తినక ఒప్పించిన. ఆ దినం సంది నాతోటి మాట్లాడుడు బంద్ జేసిండు. ఆయన మాట్లాడకుంటే ఇంట్ల ఎవ్వలు మాట్లాడరు. కంచం ముంగట వెడ్తరు, అంతే. అందుకే క్లాసుల లొల్లి వెట్టుకుంట. లొల్లయితేనన్న నాతోటి మాట్లాడ్తరు గదా." నా వైపు తిరిగి, "మంగళారం పొయ్యింది. ఇగ నువ్వన్న మాట్లాడ్తవా?" అంది.

ఏం కష్టం? ఊఁ అంటే సరిపోయేది. కానీ ఇదంతా నాకంటే ముందు ఆ మేడంకి చెప్పిందన్న ఊహ రాగానే నాకు మళ్ళీ అక్కసు పుట్టింది.

"మీ మేడంకే చెప్పుకో, పో" అన్నాను. హబ్సిగూడ రాగానే వెనక్కి చూడకుండా దిగిపోయాను.

తర్వాత పదిరోజులు ఆమె కాలేజీకి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం వెతుక్కుంటూ ఉప్పల్ వెళ్ళాను. ఇంటి ముందు వాళ్ళ నాన్న ద్రాక్షపండ్లు గంపలకెత్తుతున్నాడు. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. నవ్వుతూ పీట వేశాడు. లోపల ఆడవాళ్ళ మాటలు, నవ్వులు. అందరి గొంతుల్నీ మించి ఆమె గొంతు.

"కాలేజికి పోను నాయినా అని తనే అన్నది బిడ్డా. నేను జబర్దస్తీ జెయ్యలె. ఆ దినం సంది సూడు, ఇల్లంత ముచ్చట్లే" అన్నాడాయన. మనిషి సంతోషం పట్టలేకపోతున్నాడు. కూతుర్ని కేకేశాడు.

ఆమె నవ్వుతూనే గడప దాకా వచ్చింది. నన్ను చూసింది. నాతో ఏదో ఒకటి అంటుందని, తిడుతుందనైనా, ఎదురుచూశాను. ఆమె వాళ్ళ నాన్న వైపు తిరిగింది.

"ఆమెకు పండ్లు కట్టిచ్చి పంపు నాయినా. బస్సు టైమయితది" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను వద్దన్నా వినకుండా ఆయన తువాలు పరిచి మంచి గుత్తులు ఏరుతున్నాడు. లోపల మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఆ మాటల్లో నా సంగతి వస్తుందేమోనని, మూట చేతికి వచ్చేదాకా చెవులు రిక్కించి నిలబడ్డాను. రాలేదు.